మద్రాస్ క్రొకొడైల్ బ్యాంక్‌లో ఆ మట్టికుండల దగ్గర ఒక పూట

చెన్నై నుంచి మహాబలిపురం వెళ్ళే ఈసీఆర్ రోడ్డు మీద, చెన్నైకి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, వడనెమ్మేలి అనే ఊరి దగ్గర ఉంటుంది మద్రాస్ క్రొకొడైల్ బ్యాంక్. మహాబలిపురం వెళ్ళే మనవాళ్ళు చాలామంది దారిలో బోర్డు చూసి, పిల్లలు గోల చేస్తే ఒక అరగంట ఆగి, నాలుగు ఫొటోలు దిగి వెళ్ళిపోతుంటారు. నేనూ పదిహేనేళ్ళ క్రితం కాలేజీ టూర్‌లో అలాగే చూసొచ్చాను. మొసళ్ళు కదల్లేదు అన్నది తప్ప నాకేమీ గుర్తులేదు. ఈసారి మా అమ్మ కోసం వెళ్ళాను, పొద్దున పదింటికి లోపలికి వెళ్తే బయటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండున్నర దాటింది. అందుకే ఈ రివ్యూ కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు అమ్మ సంగతి చెప్పాలి, అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మాది నాయుడుపేట దగ్గర ఒక పల్లె. మూడేళ్ళ క్రితం వరి కోతలైపోయాక గడ్డి మోపు ఎత్తుతుంటే అమ్మ చేతి మీద పాము కరిచింది. చిన్నాన్న పక్కనే ఉన్నాడు కాబట్టి చూశాడు. లావుగా, ఒంటి పొడుగునా గొలుసు వేసినట్టు మచ్చలు, ప్రెషర్ కుక్కర్ లాంటి బుస. రక్తపింజరి. (కొన్ని ఊళ్ళలో దీన్నే పొడపాము అంటారు.) ఊళ్ళో ఒకాయన పసరు పోస్తానన్నాడు, ఇంకొకాయన బ్లేడుతో గాటు పెట్టి రక్తం పిండేయమన్నాడు, ఎవరో తాడు తెచ్చి బిగించి కట్టబోయారు. చిన్నాన్న ఎవరి మాటా వినలేదు. అమ్మను బండి మీద మధ్యలో కూర్చోబెట్టి, వెనక మా పక్కింటబ్బాయిని ఎక్కించి, చెయ్యి కదపొద్దని చెప్పి తీసుకెళ్ళిపోయాడు. మొదట వెళ్ళిన ఆస్పత్రిలో పాము కాటు ఇంజెక్షన్ లేదన్నారు. ఆ మాట విన్నాక రెండో ఆస్పత్రి చేరేదాకా వాళ్ళు పడ్డ టెన్షన్ గురించి చిన్నాన్న ఇప్పటికీ మాట్లాడడు.

నేను హైదరాబాద్ నుంచి బయల్దేరి వచ్చేసరికి మందు ఎక్కుతోంది. అంతకుముందు అక్కడేం జరిగిందో చిన్నాన్నే చెప్పాడు. డాక్టరు గారు రాగానే శుభ్రమైన గాజు గొట్టంలోకి కొంచెం రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు పక్కన పెట్టారట. మామూలు మనిషి రక్తమైతే ఆపాటికి గడ్డ కట్టాలి. అమ్మది 20 నిమిషాల తర్వాత గొట్టం వంచితే నీళ్ళలా జారిపోయింది. రక్తపింజరి విషం చేసే పని అదే, రక్తం గడ్డకట్టే గుణాన్నే పోగొడుతుంది, ఆ తర్వాత చిగుళ్ళ నుంచి, మూత్రంలో, ఎక్కడ వీలైతే అక్కడ రక్తం కారుతుంది, కిడ్నీలు పాడవుతాయి. మొదట పది సీసాల మందు సెలైన్‌లో ఎక్కించారు. ఆరు గంటల తర్వాత మళ్ళీ పరీక్ష చేస్తే ఇంకా గడ్డ కట్టలేదు, ఇంకో పది ఎక్కించారు. తెల్లవారుజామున నర్సమ్మ గొట్టం వంచి చూపిస్తే రక్తం జారలేదు, ముద్దలా నిలిచింది. మా ఇంట్లో అందరికీ ఆ గాజు గొట్టం కళ్ళముందు అలాగే ఉండిపోయింది.

ఆ రెండో రోజు చేసే పనేమీ లేక, మంచం పక్కన పెట్టిన ఖాళీ సీసా తీసి లేబుల్ చదివాను. ఒక్కో మిల్లీలీటరు మందు ఎన్ని మిల్లీగ్రాముల విషాన్ని విరుస్తుందో దాని మీద రాసి ఉంటుంది. నాగుపాముది 0.6, కట్లపాముది 0.45, రక్తపింజరిది 0.6, చిన్న పింజరిది 0.45. నాలుగు పాములు, నాలుగు అంకెలు. అంటే ఈ మందు తయారు కావాలంటే ముందు ఎవరో ఒకరు ఈ నాలుగు పాముల్నీ బతికుండగా పట్టుకుని, చేత్తో నోరు తెరిపించి విషం తీయాలి కదా. వాళ్ళెవరు? నిజం చెప్తున్నా, అంతవరకు నేనెప్పుడూ ఆ ప్రశ్న వేసుకోలేదు. మందు కంపెనీలో మెషీన్లేవో చేస్తాయి అనుకునేవాణ్ణి. చదవడం మొదలుపెడితే చివరికి ఈ క్రొకొడైల్ బ్యాంక్ ఆవరణలోకే వచ్చి ఆగాను. మన దేశంలో పాము కాటు మందుకు కావలసిన విషంలో ఎక్కువ భాగం ఇక్కడున్న ఇరులర్లు అనే పాములు పట్టే గిరిజనుల సహకార సంఘం నుంచే వెళ్తుంది.

అమ్మకు చెప్తే మొదట రానంది. "నాకు దాని మొహం మళ్ళీ చూసే ఓపిక లేదురా" అంది. మూడేళ్ళుగా ఆవిడ గడ్డివాము దగ్గరికి పోలేదు, రాత్రి బయటికి రావాలంటే నాన్న టార్చి పట్టుకుని ముందు నడవాలి. మొన్న సంక్రాంతి సెలవుల్లో మా పాప పట్టుబట్టడంతో నానమ్మ కూడా కారెక్కింది. మొసళ్ళు చూసి వచ్చేద్దాం, పాముల వైపు వెళ్ళకపోయినా పర్లేదు అన్నది ఒప్పందం.

ఇక చోటు గురించి. మొత్తం ఎనిమిదిన్నర ఎకరాలు, వెనకాలే సముద్రం. చెట్ల నీడ బాగుంది, జనవరి కాబట్టి మాకు ఎండ బాధ తెలియలేదు గానీ ఏప్రిల్, మే నెలల్లో ఆ ఉప్పుగాలి ఉక్కలో నడవడం కష్టమే. మొసళ్ళ మడుగుల చుట్టూ నడుము ఎత్తు దాటిన గోడలు, కంచెలు ఉంటాయి, పైనుంచి చూడాలి. మొసళ్ళు ఉన్న చోట చేపల వాసన, మడుగు వాసన తప్పదు, దానికి సిద్ధపడి వెళ్ళండి. మొసళ్ళు మాత్రం కదలవు. నోరు తెరుచుకుని గంటల తరబడి పడుకుంటాయి. "నానమ్మా, ఇవి బొమ్మలా?" అని మా పాప అడిగింది. వాటికి మనలా చెమట పట్టదు, ఒంటి వేడి సర్దుకోవడానికి అలా నోరు తెరుచుకుంటాయి అని చెప్తే, కాసేపు అదీ నోరు తెరుచుకుని నిలబడింది. ఒక్కో మడుగు దగ్గర పది నిమిషాలు మాట్లాడకుండా నిలబడగలిగితే మాత్రం ఏదో ఒకటి నీళ్ళలోకి జారడం, కళ్ళు మాత్రం పైన పెట్టి మిమ్మల్నే చూడడం కనిపిస్తుంది. ఉప్పునీటి మొసలి దగ్గర మాత్రం నేను నాకు తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేశాను. దాని పరిమాణం ఫొటోల్లో తెలియదు.

బ్యాంకు అనే పేరెందుకు అని చాలామంది అడుగుతారు. 1970ల మొదట్లో మన దేశంలోని మూడు రకాల మొసళ్ళూ, అంటే మగ్గర్ అనే మంచినీటి మొసలి, ఉప్పునీటి మొసలి, సన్నటి పొడవాటి మూతి ఉండే ఘరియల్, చర్మం వేటకీ, గుడ్ల దొంగతనానికీ, ఆనకట్టలకీ బలై దాదాపు అయిపోవచ్చాయి. ఘరియల్స్ అయితే నదుల్లో 200 కూడా మిగల్లేదు. అప్పుడు 1976లో రోములస్ విటేకర్, ఆయన భార్య జై విటేకర్, ఇంకొందరు కలిసి ఇక్కడ కొన్ని మొసళ్ళను తెచ్చి పెట్టారు. డిపాజిట్ వేసినట్టు. అవి పిల్లల్ని పెడితే ఆ పిల్లల్ని మళ్ళీ నదులకు ఇవ్వాలి, అదే వడ్డీ. అదే రోజుల్లో కేంద్ర ప్రభుత్వం కూడా మొసళ్ళ ప్రాజెక్టు మొదలుపెట్టింది, దానికి శిక్షణ సంస్థ పెట్టింది మన హైదరాబాద్‌లోనే. సంగారెడ్డి దగ్గర మంజీరలో మీరు చూసే మొసళ్ళు, నాగార్జునసాగర్ దగ్గర ఎత్తిపోతల జలపాతం కింద ఉన్న మొసళ్ళ కేంద్రం, ఇవన్నీ ఆ కాలపు పట్టుదలను గుర్తుచేసేవే. చిన్నప్పుడు స్కూల్ పిక్నిక్‌లో ఎత్తిపోతల వెళ్ళినవాళ్ళు ఎందరో ఉంటారు, ఎందుకక్కడ మొసళ్ళు పెట్టారో మాకు ఏ మాస్టారూ చెప్పలేదు.

ఇక్కడ జరిగిన పరిశోధన కూడా చిన్నదేం కాదు. మగ్గర్ ఒకే సీజన్‌లో రెండుసార్లు గుడ్లు పెట్టగలదని ఇక్కడ గమనించి రాశారు. గుడ్లు పొదిగే వేడిని బట్టి పిల్ల ఆడదో మగదో తేలుతుంది, 30 డిగ్రీల దగ్గర ఆడవి, 32.5 దగ్గర మగవి ఎక్కువ, దీని మీదా ఇక్కడ పని జరిగింది. అయితే ఆ ప్రయత్నం ఎంత బాగా ఫలించిందంటే మగ్గర్లు వందలు దాటి వేలల్లోకి వెళ్ళాయి, ఈలోగా నదుల్లో వదలడానికి చోటు లేదని 90లలో విడుదల ఆగిపోయింది. వడ్డీ పెరుగుతూనే ఉంది, తీసుకునేవాళ్ళు లేరు. అంత మందకీ మేత పెట్టాలి. ఇది ఎక్కువగా టికెట్ల మీద, విరాళాల మీద నడిచే ట్రస్టు, కరోనా కాలంలో గేట్లు మూసేసరికి డబ్బుకు చాలా ఇబ్బంది పడ్డారు. 2022లో వెయ్యి మగ్గర్లను గుజరాత్‌లోని జామ్‌నగర్ జంతు కేంద్రానికి పంపే ఏర్పాటు కూడా అందుకే జరిగింది. ఈ సంగతి తెలిశాక నాకు అక్కడి టికెట్ ధర గురించి మాట్లాడాలనే అనిపించలేదు.

రోములస్ విటేకర్ గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఆయన జీవితం తెలిస్తే ఈ చోటు వేరేగా కనిపిస్తుంది. పుట్టింది 1943లో న్యూయార్క్‌లో. తల్లి రెండో పెళ్ళి చేసుకున్న రామా ఛటోపాధ్యాయ ఎవరో కాదు, సరోజినీ నాయుడి తమ్ముడు హరీంద్రనాథ్ ఛటోపాధ్యాయ కొడుకు. ఆ రామా తల్లి కమలాదేవి ఛటోపాధ్యాయ. అంటే హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన కుటుంబానికి ఈయన మనవడి వరస. ఏడెనిమిదేళ్ళ వయసులో ఇండియా వచ్చి కొడైకెనాల్ బడిలో చదివాడు, చదువుకంటే పాముల మీదే ధ్యాస. అమెరికాలో కాలేజీ చదువు మధ్యలో వదిలేసి, మయామీలో బిల్ హాస్ట్ అనే పేరున్న పాముల మనిషి దగ్గర పనికి చేరాడు. విషం తీసే పని నేర్చుకున్నది అక్కడ. సైన్యంలో తప్పనిసరి సేవ ముగించుకుని 1967లో తిరిగొచ్చాడు. రెండేళ్ళకు మద్రాసు శివార్లలో సేలయూర్ దగ్గర పాముల పార్కు మొదలుపెట్టాడు, 1972లో అది గిండీకి మారింది. టికెట్ కొని వచ్చి పామును చూసి భయం తగ్గించుకుని వెళ్ళండి అని జనాన్ని పిలవడం అప్పట్లో మన దేశంలో కొత్త సంగతి. 1975లో భారత పౌరసత్వం తీసుకున్నాడు. అప్పటికి డిగ్రీ లేదు, సర్కారు ఉద్యోగం లేదు. 2018లో పద్మశ్రీ వచ్చింది.

నాకు ఆయనలో బాగా నచ్చిన విషయం మొసళ్ళది కూడా కాదు. చెంగల్పట్టు ప్రాంతంలో ఇరులర్లు అనే గిరిజనులు ఉన్నారు. మన నెల్లూరు, తిరుపతి జిల్లాల యానాదుల్లాగే వాళ్ళకీ ఎలుక కలుగు ఏదో, పాము పుట్ట ఏదో, పాము లోపలికి ఎప్పుడు పోయిందో మట్టి చూసి చెప్పే విద్య తరాల నుంచి ఉంది. ఆ విద్యకు అప్పట్లో డబ్బిచ్చేవాళ్ళు చర్మం వ్యాపారులు మాత్రమే. పాముల్ని చంపి, తోలు తీసి అమ్మితే చేతికి వచ్చేది కొన్ని రూపాయలు, విదేశాల్లో ఆ తోలుతో చేసిన చెప్పులు, సంచులు మాత్రం బోలెడు ధర పలికేవి. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది, తర్వాత పాము చర్మాల ఎగుమతి ఆగిపోయింది. పాములకు మంచి జరిగింది. మరి ఇరులర్లు ఏం తినాలి? చట్టం రాసినవాళ్ళు ఆ ప్రశ్న వేసుకోలేదు. తన పార్కుకు పాములు పట్టుకురావడంలో వాళ్ళ దగ్గరే పాఠాలు నేర్చుకున్న విటేకర్ వేసుకున్నాడు. అదే చేతులు, అదే విద్య, పామును చంపకుండా విషం మాత్రం తీసి అమ్మితే? 1978లో ఇరుల పాము పట్టేవాళ్ళ పారిశ్రామిక సహకార సంఘం అలా పుట్టింది. సంఘం వాళ్ళది, సభ్యులు వాళ్ళే, ఆదాయం వాళ్ళకే. అడవి జంతువును కాపాడాలంటే దాని పక్కన బతికే మనిషి పూట గడవాలి అని ఎవరైనా చెప్తారు, చెయ్యడం ఎంతమందికి చేతనైంది? ఈ సంఘం 40 ఏళ్ళు దాటి నడుస్తోంది.

ఇప్పుడు అసలు సంగతికి. మొసళ్ళు చూశాక, విషం తీయడం చూపించే చోటికి నేనూ పాపా టికెట్ తీసుకుంటుంటే, అమ్మ బయట చెట్టు కింద కూర్చుంటానంది. సరేనన్నాం. మేం కూర్చుని రెండు నిమిషాలు కాకముందే తనే వచ్చి నా పక్కన కూర్చుంది, నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. మధ్యలో కొంచెం లోతుగా కట్టిన గుండ్రటి చోటు, అందులో వరసగా మట్టికుండలు, మూతికి గుడ్డ కట్టి, ఒక్కో కుండ మీద చాక్‌పీసుతో రాతలు. మనిళ్ళలో ఊరగాయ జాడీలకు కట్టినట్టు కట్టారు. మట్టికుండ లోపల చల్లగా, చీకటిగా ఉంటుంది కాబట్టి పాముకు పుట్టలో ఉన్నట్టే ఉంటుందట. ఒక పెద్దాయన, యాభై ఏళ్ళు ఉంటాయేమో, చేతులకు గ్లౌజులు కూడా లేకుండా దిగాడు. కొక్కెం ఉన్న కర్రతో ఒక కుండలోంచి నాగుపామును తీసి కింద పెట్టాడు, అది పడగ విప్పింది. ఆయన తొందరపడలేదు, అరవలేదు, దాన్ని ఆడించలేదు. కాసేపు నిదానంగా చూసి, తల వెనక వేళ్ళతో పట్టి, పల్చటి పొర బిగించిన గాజు పాత్ర అంచు దాని నోటికి అందించాడు. కోరలు పొరలోకి దిగాయి. పసుపుపచ్చ చుక్కలు లోపల జారాయి. అంతే. పాము మళ్ళీ కుండలోకి. కట్లపాము నుంచి వచ్చింది కంటికి ఆనీ ఆననంత. చిన్న పింజరి నుంచి అంతకన్నా తక్కువ.

నాలుగోది రక్తపింజరి. ఆ బుస వినగానే అమ్మ చెయ్యి నా మణికట్టు మీద బిగిసింది, గోళ్ళు దిగాయి. కానీ తల తిప్పుకోలేదు. కోరలు పొరలోకి దిగి చుక్కలు జారేదాకా చూసింది. అయిపోయాక జనం వెళ్ళిపోతుంటే తను మాత్రం గోడ దగ్గరికి నడిచి ఆయన్ని తమిళంలో పలకరించింది. సూళ్ళూరుపేట, నాయుడుపేట వైపు తమిళం మాకు కొత్త కాదు. "నిన్నెప్పుడైనా కరిచిందా తమ్ముడూ?" అని అడిగింది. ఆయన ఎడమ చేతి వేలు చూపించాడు, సగం వంకర తిరిగి ఉంది. రెండుసార్లమ్మా అన్నాడు. "దాని మీద కోపం రాదా?" అంటే, "కోపమెందుకమ్మా, దాని కలుగులో చెయ్యి పెట్టింది నేనే కదా" అన్నాడు. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తన చేతి మీద మచ్చ చూపించి, నేను గడ్డిలో పెట్టాను అంది. ఆయన మచ్చ వంక చూసి, ఏ పామో తనే చెప్పేశాడు, ఎన్ని సీసాలు ఎక్కించారని అడిగాడు. ఇరవై అంటే తల ఊపాడు. ఇద్దరూ మా ఊరి పొలాల గురించి, ఎలుకల గురించి, కోతల మెషీన్ల గురించి పావుగంట మాట్లాడుకున్నారు. నేను పక్కన నిలబడి విన్నాను, నాకు గొంతు పట్టేసి ఒక్క మాట రాలేదు.

ఈ పని ఎంత కట్టుదిట్టంగా నడుస్తుందో తెలుసుకుంటే గౌరవం ఇంకా పెరుగుతుంది. ఏ పామును ఎన్ని పట్టాలో అటవీ శాఖ ఏటా పరిమితి పెడుతుంది, ఆ అనుమతి ఆలస్యమైతే వాళ్ళ చేతికి పని లేనట్టే. పట్టిన పామును కొన్ని వారాలు మాత్రమే ఉంచుతారు, వారానికోసారి చొప్పున సుమారు నాలుగుసార్లు విషం తీసి అడవిలో వదిలేస్తారు. వదిలేముందు పొట్ట కింద పొలుసు ఒకటి కొంచెం కత్తిరిస్తారు, అదే పాము మళ్ళీ వెంటనే దొరికితే గుర్తుపట్టి వదిలేయడానికి. విషాన్ని ఎండబెట్టి పొడి చేసి మందు కంపెనీలకు పంపుతారు. అక్కడ దాన్ని అతి కొద్ది మోతాదుల్లో గుర్రాలకు ఎక్కిస్తే వాటి రక్తంలో విరుగుడు తయారవుతుంది, దాన్ని వేరుచేసి శుద్ధిచేసి సీసాల్లో నింపుతారు. అలా తయారుచేసే కంపెనీల్లో విన్స్ బయోప్రొడక్ట్స్ మన హైదరాబాద్‌దే.

ఇక్కడ ఒక లోటు కూడా చెప్పాలి, అది ఈ మనుషులది కాదు, మొత్తం ఏర్పాటుది. ఒకే రకం పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. తమిళనాడులోని ఒక చిన్న ప్రాంతం పాముల విషంతో చేసిన మందు రాజస్థాన్‌లోనో, బెంగాల్‌లోనో అంతే బాగా పనిచెయ్యాలని లేదని శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో చెప్తున్నారు, విటేకర్ కూడా ఈ మాట గట్టిగా చెప్పినవాడే. ప్రతి ప్రాంతంలోనూ ఇలాంటి విష సేకరణ కేంద్రం ఉండాలి. మనకెందుకు లేదు? 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాము కాటుతో చనిపోయినవాళ్ళు సుమారు 12 లక్షలు, ఏడాదికి 58,000 మంది. అందులో 70 శాతం ఎనిమిది రాష్ట్రాల్లోనే, ఆ ఎనిమిదిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చనిపోయేది పొలంలో చెప్పుల్లేకుండా నడిచేవాళ్ళు, నేల మీద పడుకునేవాళ్ళు. మన యానాదుల్లో ఇప్పటికీ ఆ విద్య తెలిసిన పెద్దలు ఉన్నారు. వాళ్ళ చేతికి ఇలాంటి సంఘం ఒకటి ఇచ్చే విటేకర్ మనకు దొరకలేదు, లేదా దొరికే వీలు మనం ఇవ్వలేదు.

ఇరులర్ల విద్య ఎంతటిదో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. 2017లో మాసి సదయ్యన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరు ఇరుల పెద్దల్ని అమెరికాలోని ఫ్లోరిడాకు పిలిపించారు, అక్కడి చిత్తడి నేలల్ని బర్మా కొండచిలువలు ఆక్రమించి స్థానిక జంతువుల్ని తినేస్తుంటే పట్టడం చేతకాక. రెండు వారాలు తిరక్కముందే 13 కొండచిలువల్ని పట్టారు, అందులో ఒకటి 16 అడుగుల ఆడది. 2023లో ఆ ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. విటేకర్‌కు వచ్చిన ఐదేళ్ళకు, ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఆ మనుషులకు అదే గౌరవం వచ్చింది. నాకు ఆయనకు వచ్చినదానికన్నా దీనికే ఎక్కువ సంతోషం కలిగింది. ఇరుల ఆడవాళ్ళ కోసం ఎనభైల్లో మొదలైన సంఘం, 2005లో కర్ణాటకలోని ఆగుంబెలో రాచనాగుల మీద పరిశోధనకు పెట్టిన కేంద్రం, ఇంకా చాలా ఉన్నాయి. జై విటేకర్ ఏళ్ళ తరబడి ఈ బ్యాంకు బాధ్యత మోశారు, ఆవిడ పేరు తక్కువగా వినిపించడం నాకు బాధనిపిస్తుంది.

వెళ్ళేవాళ్ళకు కొన్ని మాటలు. ఆదివారం, పండగ సెలవులు వదిలేసి మామూలు రోజున, పొద్దున్నే వెళ్ళండి. సెలవు ఏ రోజో, విషం తీసేది ఏ వేళల్లోనో ముందే కనుక్కోండి, అది చూడకపోతే వెళ్ళి లాభం లేదు అనేంతగా చెప్తాను. టోపీ, నీళ్ళు, నడవడానికి వీలైన చెప్పులు పెట్టుకోండి. కనీసం మూడు గంటలు చేతిలో ఉంచుకోండి. పాములంటే బాగా భయపడే పిల్లల్ని బలవంతంగా ముందు వరసలో కూర్చోబెట్టొద్దు. ఇంకో విషయం, మేం ఉండగానే ఒకాయన మొసలి కదలడం లేదని ఖాళీ వాటర్ బాటిల్ విసిరాడు, పక్కన ఆయన పిల్లలు నవ్వుతున్నారు. మొసలి మింగిన ప్లాస్టిక్ దాని కడుపులోనే ఉండిపోతుంది, అది చచ్చిపోవచ్చు. అమ్మే వెళ్ళి ఆయనకు చెప్పింది, "బాబూ, అది నిన్నేం చేసింది?" అని. ఆయన సారీ చెప్పాడు.

రేటింగ్ అడిగితే 5కి 5. జూలాగా సరదా కోసం వెళ్తే మీకు 3 అనిపించవచ్చు, ఆ సంగతి దాచను. పొలం పనులు చేసే కుటుంబం ఉన్నవాళ్ళు, పల్లెల్లో టీచర్లుగా, నర్సులుగా, ఆశా కార్యకర్తలుగా పనిచేసేవాళ్ళు మాత్రం తప్పక వెళ్ళాలి. నాలుగు విష సర్పాల్నీ పక్కపక్కన, ఇంత దగ్గరగా, ఇంత ప్రశాంతంగా చూపించే చోటు నాకు తెలిసి మనవైపు లేదు. మా ఊళ్ళో నాగులచవితికి బుట్టలో పాము తెచ్చేవాడు, దాని కోరలు పీకేసి, నోరు కుట్టేసి పాలు పోయించేవాడు. మేమందరం దండం పెట్టి డబ్బులిచ్చాం. అమ్మ కూడా.

తిరిగొచ్చేటప్పుడు కారులో అమ్మ పెద్దగా మాట్లాడలేదు. గూడూరు వెళ్ళినప్పుడు నాలుగు పాముల ఫొటోలు పెద్దవిగా రంగుల్లో ప్రింటు తీయించమని మర్నాడు పొద్దున నాతో అంది. తీయించాను. ప్రతి దాని కింద తెలుగులో పేరు, కరిస్తే ఎలా ఉంటుందో, కోయొద్దు, కట్టొద్దు, చెయ్యి కదపకుండా 108కి ఫోన్ చెయ్యండి అని మార్కర్‌తో రాయించుకుంది. కట్లపాము దగ్గర, "రాత్రిపూట నిద్రలో కరిస్తే నొప్పి కూడా తెలియదు, కడుపునొప్పి వచ్చి రెప్పలు వాలిపోతుంటే అదే అనుకోండి" అని చేర్పించింది, ఆ పెద్దాయన చెప్పాడట. మందు ఏ ఆస్పత్రిలో ఉంటుందో చిన్నాన్న చేత ఫోన్లు చేయించి, ఆ పేరూ నంబరూ కింద రాయించింది. ఇప్పుడది మా ఊరి పాల కేంద్రం గోడ మీద ఉంది, పొద్దున పాలు పోయడానికి వచ్చే ప్రతి ఒక్కరూ దాని ముందే నిలబడతారు.